రబ్బీ సంతకానికి బరువెంత?

తెలుగులో ధర్మశాస్త్రం మీద వచ్చిన పుస్తకం తెరిస్తే మొదటి పుటల్లో ఏదో ఒక పీఠాధిపతి శ్రీముఖం కనిపించడం పాత మర్యాద. హీబ్రూ మతగ్రంథాల్లోనూ అలాంటి లేఖలే ఉంటాయి. ఒకటి కాదు, ఒక్కోసారి పది, పదిహేను. వాటిని హస్కామా అంటారు. ఊరి పేరు, తేదీ, రచయితను మెచ్చుకుంటూ నాలుగు మాటలు, కింద ఒక రబ్బీ సంతకం. అయితే పోలిక అక్కడితో సరి. శ్రీముఖం ఇచ్చేవారి వెనక పీఠం ఉంటుంది, గురుపరంపర ఉంటుంది. స్వామి మారినా పీఠం ముద్ర మారదు. రబ్బీకి పీఠం లేదు. యూదుమతంలో పోప్ లేడు, అందరూ తలొగ్గే మఠమూ లేదు. మరి ఆ సంతకం ఎవరి తరఫున పెట్టినట్టు? దానికి బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

రబ్బీ పూజారి కాడు. పదిమంది వయోజనులైన మగవాళ్ళు కూడితే సామూహిక ప్రార్థన జరిగిపోతుంది, రబ్బీ ఉండి తీరాలన్న నియమం సంప్రదాయ శాఖల్లో కూడా లేదు. ఆయన పని వేరు. యూదుల మూల ధర్మగ్రంథం తోరా, ప్రాచీన రబ్బీల చర్చల సంకలనం తాల్ముద్, వాటి మీద పేరుకున్న వ్యాఖ్యానాలు చదువుకుని, వంటింటి గిన్నె దగ్గర నుంచి విడాకుల పత్రం దాకా వచ్చే సందేహాలకు ధర్మనిర్ణయం చెప్పడం. మోషే నుంచి యెహోషువకు, అక్కడి నుంచి శిష్యులకు చేతి మీదుగా సాగిందని నమ్మే అసలు అధికార పరంపర పాలస్తీనాలో రోమన్ పాలన చివరి శతాబ్దాల్లో తెగిపోయింది. ఇప్పుడు రబ్బీలు పొందే పట్టా, ‘ఇతను చదువుకున్నాడు, తీర్పు చెప్పగలడు’ అని గురువు ఇచ్చే యోగ్యతాపత్రం మాత్రమే.

తెగిన ఆ దారాన్ని ముడివేయాలని 1538లో ఒక ప్రయత్నం జరిగింది. గలిలయ కొండల్లోని సఫేద్ పట్టణంలో యాకోబ్ బెరబ్ అనే పండితుడిని అక్కడి పండితులంతా కలిసి పాత పద్ధతిలో అధికారంలో నిలిపారు. ఆయన మరికొందరికి ఆ అధికారం ఇచ్చాడు. యూదు ధర్మస్మృతిని కూర్చిన యోసెఫ్ కారో వారిలో ఒకడు. కానీ జెరూసలేంలోని లేవి ఇబ్న్ హబీబ్ ఒప్పుకోలేదు. సఫేద్ పండితులు తమలో తాము తీర్మానించుకుంటే అందరికీ ఎలా చెల్లుతుందని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో మొత్తం ప్రయత్నం కుంటుపడింది, ఒకటి రెండు తరాల్లో కనుమరుగైంది.

కాబట్టి రబ్బీ పెద్దరికం కింది నుంచి పుడుతుంది. ఎంత దూరం నుంచి ఉత్తరాలు వచ్చి ‘ఈ సందర్భంలో ఏం చేయాలి’ అని అడుగుతున్నారు, చెప్పిన జవాబును ఎంతమంది పాటిస్తున్నారు, పక్క ఊరి రబ్బీలు దాన్ని తమ తీర్పుల్లో ఉదహరిస్తున్నారా అన్నదే కొలమానం. హస్కామా బరువు కూడా అంతే. అది ఒక మనిషి తన పేరును పణంగా పెట్టి పడే పూచీ. పేరు చెల్లుబాటయ్యే చోట అది చెల్లుతుంది, సరిహద్దు దాటితే కాగితం.

అచ్చు పుస్తకంలో రచయిత బతికుండగానే ఇలాంటి లేఖ మొదట కనిపించేది 15వ శతాబ్దం చివర నేపుల్స్‌లో. యాకోబ్ లాండౌ రాసిన ధర్మనిర్ణయ గ్రంథానికి మెస్సర్ లియోన్ సహా పలువురు ఇటలీ పండితులు సంతకాలు పెట్టారు. అది మెప్పు, అంతే. అనుమతి కాదు. మెప్పు అనుమతిగా మారడానికి ఒక వ్యాపార తగాదా కారణమైంది.

1550లో పాదువా రబ్బీ మెయిర్ కాట్సెనెలెన్‌బోగెన్ తన టిప్పణులతో మధ్యయుగపు యూదు పండితుడు మైమొనిడీస్ ధర్మసంహితను వెనిస్‌లో బ్రగాదిన్ అనే ముద్రాపకుడి చేత వేయించాడు. వెంటనే పోటీ ముద్రాపకుడు జుస్తినియాని అదే గ్రంథాన్ని తక్కువ ధరకు దింపాడు. పైగా పాదువా రబ్బీ టిప్పణులు ఎందుకూ పనికిరావన్నట్టు విమర్శ జోడించాడు. ముద్రాపకులిద్దరూ క్రైస్తవ ప్రభువర్గం వాళ్ళు. హీబ్రూ పుస్తకాలు వేయడం వాళ్ళకు లాభసాటి బేరం. పాదువా రబ్బీ న్యాయం కోరింది వెనిస్ కోర్టులో కాదు, పోలండ్‌లో క్రాకో నగరపు రబ్బీ మోషే ఇస్సెర్లెస్ దగ్గర. ఇస్సెర్లెస్ సుదీర్ఘమైన తీర్పు రాశాడు. మొదట డబ్బు పెట్టి శ్రమపడ్డవాడి పొట్ట కొట్టడం అన్యాయం కాబట్టి బ్రగాదిన్ ప్రతులు అమ్ముడుపోయేదాకా జుస్తినియాని ప్రతిని ఎవరూ కొనకూడదని, కొన్నవారిని వెలివేస్తానని ప్రకటించాడు. వెనిస్ ముద్రాపకుడి మీద ఆయనకు ఏ అధికారమూ లేదు. కొనేవాళ్ళ మీద ఉంది. ఈ తీర్పులో తెలివి అదే. తన చేయి అందని చోటికి వెళ్ళకుండా, అందిన చోటే గట్టిగా పట్టుకున్నాడు.

తగాదా అక్కడ ఆగి ఉంటే బాగుండేది. ముద్రాపకులిద్దరూ రోమ్‌కు వెళ్ళి, ఎదుటివాడు వేసే హీబ్రూ పుస్తకాల్లో క్రైస్తవ మతాన్ని నిందించే మాటలున్నాయని ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకున్నారు. విచారణ తాల్ముద్ మీదికి మళ్ళింది. 1553 సెప్టెంబర్ 9న, సరిగ్గా యూదుల కొత్త సంవత్సరం నాడు, రోమ్‌లోని కాంపో దె ఫియోరి మైదానంలో తాల్ముద్ ప్రతులను కుప్పపోసి తగలబెట్టారు. మరుసటి నెలలో వెనిస్‌లోనూ అదే జరిగింది.

ఆ మంటల వెలుగులోనే 1554 జూన్‌లో ఇటలీ యూదు సంఘాల ప్రతినిధులు ఫెరారాలో సమావేశమయ్యారు. ఇకపై ముగ్గురు రబ్బీలూ, దగ్గర్లోని సంఘ పెద్దలూ ఆమోదిస్తే తప్ప ఏ కొత్త పుస్తకమూ అచ్చు వేయరాదని తీర్మానించారు. ఆమోదం లేని పుస్తకం కొన్నవారికి జరిమానా. బయటి సెన్సార్ కత్తి పడకముందే లోపలే కత్తిరించుకోవడం ఇది. పోలండ్ యూదు సంఘాల ఉమ్మడి సభ అయిన నాలుగు ప్రాంతాల మండలి కూడా 1764లో రద్దయ్యేదాకా అచ్చుయంత్రాల మీద ఇలాంటి పట్టే ఉంచింది. హస్కామా అనగానే రబ్బీల మూర్ఖపు నియంత్రణ అనుకునేవాళ్ళు ఈ పూర్వరంగాన్ని మరిచిపోతారు. భయం అందులో సగం పాలు. మిగతా సగం నిజంగానే నియంత్రణ, అదీ కాదనలేం.

క్రమంగా ఆ లేఖలో మరో పని కలిసింది. కాపీరైట్ చట్టాలు లేని రోజుల్లో ‘పదేళ్ళ దాకా, పదిహేనేళ్ళ దాకా ఈ పుస్తకాన్ని మరొకరు వేయరాదు, వేస్తే శాపం తగులుతుంది’ అని రబ్బీలు రాసేవారు. ఈ శాపం ఎంత దూరం పారుతుందన్నది 19వ శతాబ్దం మొదట్లో పెద్ద చర్చ అయింది. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న రోడెల్‌హైమ్‌లో వోల్ఫ్ హైడెన్‌హైమ్ పండుగ ప్రార్థనల పుస్తకాలను ఎంతో శ్రమపడి పరిష్కరించి వేశాడు. ఫ్రాంక్‌ఫర్ట్ రబ్బీ ఆయనకు 25 ఏళ్ళ రక్షణ రాసిచ్చాడు. వియన్నాలో ష్మిట్ అనే క్రైస్తవ ముద్రాపకుడు వాటిని మళ్ళీ వేశాడు. ప్రెస్‌బర్గ్ రబ్బీ మోషే సోఫెర్ హైడెన్‌హైమ్ పక్షం నిలిచాడు. అంత కష్టపడ్డవాడికి రక్షణ లేకపోతే రేపు ఎవరు పూనుకుంటారని ఆయన వాదన. మొరావియా రబ్బీ మొర్దెఖాయ్ బానెట్ ఒప్పుకోలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ రబ్బీ మాట ఆస్ట్రియా యూదులను ఎలా కట్టేస్తుంది, యూదుడు కాని ముద్రాపకుడికి ఈ శాపంతో ఏం పని అన్నాడు. ఇద్దరూ మహాపండితులే. తేల్చిచెప్పే పైకోర్టు లేదు కాబట్టి ఎవరిని గౌరవించేవాళ్ళు వారి మాట విన్నారు.

ఇక లేఖ లోపలికి చూస్తే, హస్కామా భాషకు ఒక ఒరవడి ఉంది. రచయిత రాత్రింబవళ్ళు తోరాలో మునిగి ఉండేవాడు. వారి తండ్రిగారు నాకు బాగా తెలుసు. సంఘం పనుల ఒత్తిడి వల్ల పుస్తకం పూర్తిగా చూడలేకపోయాను, అక్కడక్కడ తిరగేశాను, చూసినచోట ఇంపుగా ఉంది. కొత్త పుస్తకాలకు సంతకం పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను, ఈయన మొహమాటపెట్టాడు. ఇందులోని నిర్ణయాలను ఆచరణలో పెట్టే ముందు మీ రబ్బీని అడగండి. ఇలా సాగుతుంది. ఆనవాయితీ తెలిసిన పాఠకుడు పొగడ్తను దాటేసి, రబ్బీ దేనికి పూచీ పడలేదో వెతుకుతాడు. ‘పండితుడు’ అని రాసి ‘నిర్ణయాలు సరైనవి’ అని రాయకపోతే, పూచీ మనిషికే గాని పుస్తకానికి కాదు. నిజానికి ఎక్కువ హస్కామాలు అలాంటివే. ఇతను మనవాడు, ఇతని పుస్తకం ఇంట్లో ఉండవచ్చు అని చెబుతాయి. లోపలున్న ప్రతి వాక్యం నిజమని చెప్పవు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో 1793లో బెర్లిన్‌లో బయటపడింది. ఆ ఏడాది ‘బెసామిమ్ రోష్’ అనే గ్రంథం వెలువడింది. 13, 14 శతాబ్దాల నాటి మహాపండితుడు అషెర్ బెన్ యెహియెల్‌వి అంటూ 392 ధర్మనిర్ణయాలు అందులో ఉన్నాయి. ఒక పాత రాతప్రతి దొరికిందని చెప్పి ప్రచురించినవాడు సౌల్ బెర్లిన్. స్వయంగా రబ్బీ, బెర్లిన్ ప్రధాన రబ్బీ త్స్వి హిర్ష్ లెవిన్ కొడుకు. పుస్తకం ముందు రెండు గట్టి హస్కామాలు. ఒకటి ప్రాగ్ రబ్బీ యెహెజ్కేల్ లాండౌది, రెండోది తండ్రిగారిది. అంతకంటే ఏం కావాలి? చదివేకొద్దీ అనుమానాలు మొదలయ్యాయి. ఆత్మహత్య చేసుకున్నవారి విషయంలో పాత కాఠిన్యం అక్కర్లేదని ఒకచోట. పస్కా పండుగలో బియ్యం, పప్పుధాన్యాల మీద ఐరోపా యూదులు పాటించే నిషేధం అనవసరమని మరోచోట. మధ్యయుగపు రబ్బీ మాట్లాడుతున్నట్టు లేదు, బెర్లిన్‌లో అప్పుడు వీస్తున్న సంస్కరణల గాలి మాట్లాడుతున్నట్టు ఉంది. గ్రంథం కల్పితమని దాడి మొదలైంది. సౌల్ అప్పటికే మారుపేరుతో మరో రబ్బీని దుయ్యబట్టి పట్టుబడినవాడు. తండ్రి మాత్రం కొడుకునే వెనకేసుకొచ్చాడు. సౌల్ 1794లో లండన్‌లో కన్నుమూశాడు.

సంతకాలు పెట్టిన ఇద్దరూ మోసం చేసినవాళ్ళు కారు. పాత మహాపండితుడి పేరు చూసి, తెచ్చినవాడి వంశం చూసి సంతకం పెట్టారు. సంస్కరణను ఎదిరించే కోటకు కాపలాదారుల చేతనే తలుపు తీయించాడు సౌల్. చిత్రమేమిటంటే ఆ పుస్తకం అంతటితో చావలేదు. తర్వాతి తరాల రబ్బీల్లో కొందరు, ఎవరు రాసినా వాదన బాగుందంటూ అక్కడక్కడ దాన్ని ఉదహరిస్తూనే వచ్చారు. హస్కామాలు అబద్ధమైపోయాక కూడా పుస్తకం తన తర్కంతో తాను నిలబడిందన్నమాట.

దీనికి అటు వైపు ఉన్న ఉదాహరణ మన కాలంలోది. నటాన్ స్లిఫ్కిన్ అనే యువ రబ్బీ సృష్టి, జంతుశాస్త్రం, తాల్ముద్‌ల మీద ఇంగ్లీషులో కొన్ని పుస్తకాలు రాశాడు. భూమి వయసు ఆరువేల ఏళ్ళు కాకపోవచ్చని, ప్రాచీన పండితులు ప్రకృతిశాస్త్ర విషయాల్లో తమ కాలపు అవగాహనతోనే మాట్లాడి ఉండవచ్చని ఆయన వాదన. వాటికి పేరున్న రబ్బీల హస్కామాలున్నాయి. 2004 చివర, 2005 మొదట్లో ఇజ్రాయెల్, అమెరికాల్లోని అతిసంప్రదాయ రబ్బీలు ఆ పుస్తకాలు అవిశ్వాసమని ప్రకటనలు వేశారు. ఆ ప్రకటన మీద సంతకం పెట్టినవారిలో ఇంగ్లీషు చదవలేనివాళ్ళు ఉన్నారన్నది అప్పట్లో పెద్ద విమర్శ. చదవకుండా మెచ్చుకోవడం పాత అలవాటే, చదవకుండా నిషేధించడం దానికి జోడీ. ముందు హస్కామా ఇచ్చినవారిలో కొందరు వెనక్కి తగ్గారు, కొందరు ఇచ్చిన మాట మీద నిలబడ్డారు. ప్రచురణ సంస్థ వదిలేస్తే పుస్తకాలు మరోచోట వెలువడ్డాయి. మూడొందల ఏళ్ళ క్రితమైతే ఆ నిషేధంతో రచయిత ఊరు వదలాల్సి వచ్చేది. ఇప్పుడు పాఠకుడు తన రబ్బీని తాను ఎంచుకోగలడు.

పుస్తకాల సంగతి ఇలా ఉంటే, సామాన్య యూదుడికి రోజూ ఎదురయ్యే రబ్బీ ముద్ర తిండి పొట్లం మీద ఉంటుంది. ఇక్కడ చదవకుండా సంతకం పెట్టడం కుదరదు, ఎందుకంటే పూచీ మనిషికి కాదు, పదార్థానికి. 1935లో అట్లాంటా రబ్బీ టోబియాస్ గెఫెన్‌ను దేశం నలుమూలల నుంచి రబ్బీలు ఒకే ప్రశ్న అడిగారు, కోకా కోలా తాగవచ్చా అని. ఆ కంపెనీ ఉన్నది అట్లాంటాలోనే. రహస్యం కాపాడతానని మాట ఇచ్చాక కంపెనీ ఆయనకు పదార్థాల పట్టిక చూపించింది. అందులో గ్లిసరిన్ ఉంది, అది గొడ్డు కొవ్వు నుంచి తీసినది. యూదు పద్ధతిలో వధించని పశువు కొవ్వు నిషిద్ధం. పాళ్ళు చూస్తే చాలా స్వల్పం, పొరపాటున పడి ఉంటే లెక్కలోకి రాదు. కానీ కావాలని కలిపినదానికి ఆ వెసులుబాటు లేదని గెఫెన్ తేల్చాడు. కంపెనీ మొక్కల నూనెల నుంచి తీసిన గ్లిసరిన్‌కు మారింది. పస్కా రోజుల్లో పులిసిన ధాన్యం కూడదు కాబట్టి ధాన్యపు ఆల్కహాల్‌ను కూడా మార్చారు. రహస్యం బయటపడకుండా గెఫెన్ తన తీర్పులో ఆ పదార్థానికి మారుపేరు పెట్టి రాశాడు. ఊరికే తలూపి సంతకం చేసే హస్కామాకూ దీనికీ ఎంత దూరమో చూడండి. ఇక్కడ సంతకం పెట్టేవాడు సీసా లోపల ఏముందో చూశాడు.

అమెరికాలో ఇలాంటి ముద్రలు చాలా ఉన్నాయి. ఏది నమ్మాలో కొనేవాడి ఇష్టం. ఇజ్రాయెల్‌లో అలా కాదు. 1983 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థ అయిన ప్రధాన రబ్బీల వ్యవస్థ అనుమతి లేనిదే ఏ హోటలూ తన వంట కోషర్ అని, అంటే యూదు ఆహార నియమాలకు సరిపడేదని, రాసుకోకూడదు. అంటే పూచీ ప్రభుత్వ లైసెన్సు అయింది. ఆ వ్యవస్థ తనిఖీలు నచ్చని హోటళ్ళు కొన్ని వేరే రబ్బీల పర్యవేక్షణకు మారితే జరిమానాలు పడ్డాయి. చివరికి 2017 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక మధ్యేమార్గం చెప్పింది. కోషర్ అన్న మాట వాడకుండా, తాము ఏ నియమాలు పాటిస్తున్నామో, ఎవరు చూసుకుంటున్నారో హోటల్ రాసుకోవచ్చని. నిజానికి పాత హస్కామా చేసిన పని ఇదే, ఎవరు పూచీనో చెప్పి నమ్మకం పాఠకుడికి వదిలేయడం. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

పుస్తకానికీ పదార్థానికీ ముద్ర వేయడం ఒక ఎత్తు, మనుషులకు వేయడం ఇంకో ఎత్తు. ఇందులో భారతీయుల కథ ఉంది. మహారాష్ట్ర కొంకణ తీరం నుంచి ఇజ్రాయెల్‌కు వలస వెళ్ళిన బెనె ఇజ్రాయెల్ యూదుల పెళ్ళిళ్ళ విషయంలో 1962లో ప్రధాన రబ్బీ యిత్స్‌హాక్ నిస్సిమ్ కార్యాలయం వారి పూర్వీకుల వివరాలు తరాల వెనక్కి ఆరా తీయాలని పెళ్ళిళ్ళు నమోదు చేసే రబ్బీలకు ఆదేశాలిచ్చింది. ఆ దేశంలో యూదుల పెళ్ళి రబ్బీల చేతుల్లోనే ఉంది, వేరే దారి లేదు. బాంబే నుంచి వచ్చినవాళ్ళు ధర్నాలు చేశారు. 1964లో పార్లమెంటు కల్పించుకుని, వారు అన్ని విధాలా సంపూర్ణ యూదులేనని ప్రకటించాక ఆ ఆదేశాల్లోంచి వారి పేరు తొలగింది. మణిపూర్, మిజోరం ప్రాంతాల బ్నెయ్ మెనాషెలను 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమర్ ప్రాచీన ఇజ్రాయెల్ తెగల్లో తప్పిపోయిన ఒకదాని వారసులుగా గుర్తించాడు. అయినా పూర్తి మతస్వీకార తంతు జరగాలన్నాడు. ఆ తంతు కోసం రబ్బీలు మిజోరం వస్తే భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తమను పిలుచుకునే చిన్న సమూహం ఉంది. తెలుగు మాట్లాడే మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు. తాము అలా తప్పిపోయిన తెగల్లో ఒకటైన ఎఫ్రాయిమ్ గోత్రం వారమని చెప్పుకుంటూ 1990ల మొదట్లో ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. హీబ్రూ నేర్చుకున్నారు, శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. విదేశాల నుంచి యూదులు, పరిశోధకులు వచ్చి చూసి వెళ్ళారు. ప్రధాన రబ్బీల వ్యవస్థ మాత్రం వారిని గుర్తించలేదు. పూర్వీకుల ఆధారాలు అడిగితే చూపడానికి, ఊళ్ళో కులం లెక్కల్లో తప్ప ఇంకెక్కడా నమోదు కాని కుటుంబాల దగ్గర ఏముంటుంది? మతం స్వీకరించి వెళ్ళాలన్నా ఎవరి చేత స్వీకరించాలన్నది మళ్ళీ ప్రశ్నే. సంస్కరణవాద, కన్సర్వేటివ్ శాఖల రబ్బీలు ఇజ్రాయెల్‌లోనే జరిపిన మతస్వీకారం కూడా పౌరసత్వానికి చెల్లుతుందని 2021 మార్చి 1న అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళికి మాత్రం అది చాలదు. దానికి ఇప్పటికీ ప్రధాన రబ్బీల వ్యవస్థ ఒప్పుకున్న సంతకమే కావాలి.